నేలపట్టు గూడబాతులు

మనదేశమున పెక్కు ప్రాంతములకు వానకారు ఆషాఢ శ్రావణములతో మొదలగును. నెల్లూరు సీమ సంగతి వేరు. నైరుతి మేఘములు పడమటి కనుమల కావలనే తమ బరువు దించుకొని, ఇచ్చటికి వచ్చుసరికి తేలికపడి పోవును. ఇక్కడి చెరువులు నిండవలెనన్నచో ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలి తిరుగవలెను. బంగాళాఖాతమున వాయుగుండము లేవవలెను. రైతుతోపాటు ఆ గాలికై కాచుకొని యుండు ప్రాణులు మరికొన్ని కలవు. దొరవారిసత్రమునకు సమీపమున నేలపట్టు అను చిన్న ఊరి చెరువులో నీరు నిలిచి, కడపచెట్ల మొదళ్ళు మునిగినపిమ్మట, ఆ చెట్ల తలలపై తెల్లని పెద్దపక్షులు వచ్చి వ్రాలుట ఆరంభమగును. అవి గూడబాతులు. ఇద్దరు మనుష్యులు చెరొక వైపు నిలిచి పొలమునకు నీరు తోడు గూడను ఎరిగినవారికి, ఈ పక్షి ముక్కు క్రింది సంచిని చూడగనే పేరు ఎంత తగినదో తెలియును.

నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రము 1976లో ఏర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 459 హెక్టారులు. అందు అధికభాగము చిట్టడవి. పక్షులకు ప్రాణమైనది మాత్రము చెరువే. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా మారినను తీరము మారదు గనుక జనుల నోట ఇది ఇంకను నెల్లూరు తీరమే. తూర్పున కొద్దిదూరములో పులికాటు సరస్సు. ఉప్పునీటి కయ్యలలో ఒడిషాలోని చిలక తరువాత మన దేశమున ఇదియే పెద్దది. కాళంగి, ఆరణి నదులు తెచ్చు మంచినీరును, ముఖద్వారముల వెంట చొరబడు సముద్రపు నీరును ఇందు కలియును. సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె పడుకొని యున్నది. గూడబాతుల సంసారము ఈ రెండు నీళ్ళపై నడచును: కాపురము నేలపట్టు చెరువున, సంపాదన చాలవరకు పులికాటున.

పక్షులు ఫలాని ఋతువుననే గ్రుడ్లు పెట్టుట కేమి కారణము? చలిదేశములలో పగటిపొద్దు పొడవును బట్టి వాని శరీరములో మార్పులు కలుగును. పొద్దు పెరిగినకొలది లోపలి గ్రంథులు మేల్కొని, కూతయు, జతకట్టుటయు మొదలగును. మన వంటి ఉష్ణదేశములలో పగలు అంతగా హెచ్చుతగ్గులు కాదు. వాన, నీరు, మేత అనునవి ఇక్కడ పెద్ద సూచనలు. లెక్క గ్రుడ్లు పెట్టునాటిది కాదు, పిల్లలు నోరు తెరచునాటిది. కార్తిక మార్గశిరములలో గూడు కట్టినచో, పుష్య మాఘములలో పిల్లలకు ఆకలి మిక్కుటమగును. సరిగా అప్పటికి పులికాటు నీరు తీయనారంభించి, చేపలు లోతులేని మడుగులలో గుమిగూడును. ఈ లెక్క ఏ పక్షియు వేయలేదు. తప్పినవాని పిల్లలు తరతరములుగా బ్రతుకలేదు; సరిపడినవాని సంతతి మిగిలినది.

జతకట్టు కాలమున గూడబాతు ముఖము మారిపోవును. కంటి చుట్టునున్న చర్మము గులాబి వన్నె తాల్చును. ముక్కు మొదట చర్మము నల్లబారును. మగపక్షి సంచిని ఉబ్బించి, తలను పైకి క్రిందికి ఊపి, పిదప ప్రక్కలకు ఊపి, తుదకు వీపుపైకి వాల్చును. నడుమ నడుమ ముక్కు టపటప కొట్టును. ఆడుపక్షి సమ్మతించినపిమ్మట పని విభజన జరుగును. మగది పుల్లలు తెచ్చును, ఆడుది పేర్చును. ప్రక్క గూటి యజమాని ఏమరియున్నచో అక్కడి పుల్లయే ఇక్కడికి వచ్చుటయు కద్దు. సుద్దరంగు గ్రుడ్లు మూడో నాలుగో. దినములు గడచినకొలది అవి మురికిపట్టి గోధుమవన్నె కగును.

గ్రుడ్లు పొదుగుటలో గూడబాతు పద్ధతి తక్కిన పక్షులకంటె వింతయైనది. కోడి వంటి పక్షులకు పొదుగు కాలమున పొట్టక్రింద ఈకలు రాలి, వెచ్చని చర్మము బయటపడును. గూడబాతు జాతి కది లేదు. అవి వ్రేళ్ళ నడుమ పొరగల తమ పాదములను గ్రుడ్లపై కప్పి, ఆ పాదముల వేడితో పొదుగును. తల్లియు తండ్రియు వంతులు వేసికొందురు. నెలదినములకు, లేక మరి రెండుమూడు నాళ్ళకు పిల్ల బయటపడును. మొదటి గ్రుడ్డు పెట్టినది మొదలు పొదుగుటచే పిల్లలన్నియు ఒక్కనాడు పుట్టవు. ముందు పుట్టినది బలియును. వెనుక పుట్టినది దానితో పోటీపడి ముద్ద దక్కించుకొనవలెను. మేత సమృద్ధిగా నున్న యేట అన్నియు బ్రతుకవచ్చును. కరవు యేట చిన్నది పోవును. చూచుటకు ఇది క్రూరముగా తోచును గాని, ఆ యేటి నీటికి తగినన్ని పిల్లలు మిగులుట కిది ఒక త్రోవ. పసిపిల్లలకు తల్లిదండ్రులు సగము జీర్ణమైన చేపను కక్కి పెట్టుదురు. కొంచెము పెరిగిన పిల్ల తానే తల్లి గొంతులోనికి తల దూర్చి తీసికొనును. తల్లిని పిల్ల మ్రింగుచున్నదో, పిల్లను తల్లి మ్రింగుచున్నదో తెలియని ఆ దృశ్యమును బడిపిల్లలు మొదటిసారి చూచి భయపడుట సహజము.

పుట్టినప్పుడు గూడబాతు పిల్లకు ఒంటిపై ఏమియు నుండదు. పిదప తెల్లని నూగు మొలచును. అటుపిమ్మట బూడిదవన్నెతో కలిసిన ఈకలు. ముక్కు ప్రక్కల నుండు నల్లచుక్కలు ఏడాది దాటినగాని కానరావు. పూర్తి పెద్దపక్షి వేషము మూడవయేట వచ్చును. అనగా ముక్కును చూచి వయస్సు చెప్పవచ్చును.

ఈకలు మార్చుకొనుట పక్షి జీవితమున గ్రుడ్లు పెట్టుటకు తీసిపోని ఖర్చు. ఈక మన గోరువంటి నిర్జీవ పదార్థము. చినిగినచో అతుకుకొనదు, ఎండకును ఉప్పునీటికిని అరగి, అంచులు విరిగిపోవును. నల్లని వర్ణద్రవ్యము చేరిన ఈక తక్కినవానికంటె గట్టిగా నిలుచును. అందుచేతనే గూడబాతులకును, పెక్కు కొంగలకును ఒళ్ళు తెల్లగా నున్నను రెక్కల కొనలు నలుపు. ఒకే సమయమున పిల్లలను పెంచుటయు, రెక్కలను మార్చుటయు బరువైన పని గనుక పెక్కుపక్షులు ఈ రెంటిని వేరువేరు కాలములకు పంచుకొనును. గూడబాతువంటి పెద్దపక్షి రెక్క ఈకలను కొన్ని కొన్నిగా, సంవత్సరము పొడవున విడతలుగా రాల్చును. ఎగురకున్నచో దానికి తిండి లేదు. బాతులది వేరు పద్ధతి. అవి ఎగురు ఈకలన్నిటిని ఒక్కమాటు రాల్చి, కొన్ని వారములు ఎగురలేక తుంగలలో దాగియుండును. సైబీరియా ప్రాంతముల నుండి పులికాటునకు వచ్చు సూదితోక బాతులు ఆ ముచ్చట తమ దేశముననే ముగించుకొని వచ్చును. కార్తికమున దిగిన మగబాతులు ఆడువానివలె మట్టిరంగున నుండును. పుష్యము నాటికి చాకొలెటు వన్నె తల, పొడుగుతోక ఏర్పడి మగవని తెలియును. రెండు నెలల ఎడముతో రెండుమార్లు చూచిన విద్యార్థి అవి రెండు జాతులని పొరపడిన తప్పు పట్టవలసిన పని లేదు.

నేలపట్టున గూడబాతులకు ఇరుగుపొరుగు లేకపోలేదు. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, చింతవక్కలు, నీటికాకులు, తెల్లకొంగలు ఒకే చెట్టున అంతస్తులవారీగా కాపురముండును. ఋతువుతోపాటు వీని వేషములును మారును. నత్తగుల్ల కొంగ మామూలు దినములలో పొగచూరినట్లుండి, గూడు కట్టు వేళకు చాకలి యింటినుండి వచ్చిన బట్టవలె తెల్లనగును. ముక్కు మూసినను నడుమ మిగులు సందు పెద్దవానికే యుండును, పిల్లలకు లేదు. పశువుల వెంట తిరుగు చిన్నకొంగకు తలపై, మెడపై, వీపుపై పసిమిబంగారు రంగు వచ్చును. నీటికాకి గొంతుక్రింది తెలుపు పోయి నల్లగా మెరయును. చిన్న తెల్లకొంగకు తలవెనుక రెండు సన్నని ఈకలు వ్రేలాడును. వీపున దారపుపోగులవంటి కుచ్చు వచ్చును. ఆ కుచ్చే దాని ప్రాణము మీదికి తెచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఐరోపా స్త్రీల టోపీలకై ఈ ఈకలు బంగారముతో సరితూగు ధర పలికెను. గూటిలో పిల్లలున్న సమయముననే కుచ్చు నిగనిగలాడును గనుక వేటగాడు వచ్చునదియు అప్పుడే. ఒక కొంగతో పాటు ఒక గూడంతయు పోయెడిది. 1902లో భారత ప్రభుత్వము పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినది.

ఇన్ని జాతులు ఒకచోట ఇరుకుగా కాపురముండుట వలన వచ్చు లాభ మేమి? కాకియో, గ్రద్దయో వచ్చినప్పుడు చూచు కన్నులు ఎక్కువ. చెట్టు మొదట నీరుండుటచే పిల్లులు, నక్కలు రాలేవు. నీరు ముందుగా ఎండిన యేట ఈ కోట గోడ కూలును. నష్టములును కలవు. అంటువ్యాధి ప్రబలినచో ఊరంతటికి ప్రాకును. ఏండ్లతరబడి రెట్ట పడుటచే చెట్లు క్షీణించును. చెట్టునకు చేటైన ఆ రెట్టయే రైతునకు మేలు. అది కలిసిన చెరువునీరు పొలములకు పారును. ఎరువు ఖరీదు తెలిసిన నేలపట్టు రైతులు పక్షుల జోలికి ఎవ్వరిని రానీయకపోవుటలో దయయు కలదు, లెక్కయు కలదు. దయ మాత్రమే యున్నచో ఇన్నాళ్ళు నిలిచెడిదా యన్నది అనుమానమే. చెంగల్పట్టు ప్రాంతమున వేడంతాంగల్ గ్రామస్థులు 1798లోనే దొరను ఆశ్రయించి తమ చెరువు పక్షులను కాల్చరాదని కౌలు పొందిరి. వారి వాదమునకును ఈ ఎరువే ఆధారము.

సూళ్లూరుపేటలో జరుగు పక్షుల పండుగ ఫ్లెమింగో పేరిట జరుగుచున్నది. 2025 జనవరిలోను జరిగినది. మన జనులు ఆ పక్షిని రాజహంస యందురు, పూకొంగ యనియు నందురు. శ్రీహరికోట దారిలో ఇరుప్రక్కల లేతగులాబి వరుసలుగా నిలుచునవి అవే. అయితే అవి ఇక్కడ గ్రుడ్లు పెట్టవు. వాని పుట్టినిల్లు కచ్ఛపు రణ్ణము. 1945లో సలీం అలీ అక్కడ వాని మట్టిగూళ్ళ నగరమును దర్శించి, పక్షుల సంఖ్యను లక్షలలో అంచనా కట్టెను. హంస పాలను నీటిని వేరుచేయునని మన కవులు చెప్పుదురు. ఈ రాజహంస తల క్రిందులుగా ముక్కును నీట ముంచి, ముక్కులోని జల్లెడతో బురదనుండి సూక్ష్మజీవులను వడగట్టును. తన గొంతులో ఊరిన పాలవంటి ద్రవముతో పిల్లను సాకును. కవులు చెప్పినది ఏ పక్షిని గూర్చియైనను, నిజము కల్పనకంటె చప్పగా లేదు.

ఉల్లంకి జాతి చిన్నపిట్టలు ఇంకను దూరపు చుట్టములు. సైబీరియా ఉత్తరపుటంచున ఎండ మునుగని వేసవిలో పిల్లలను లేపి, శ్రావణ భాద్రపదముల నాటికే ఈ తీరమునకు దిగును. రొమ్మున ఇటుకరంగు ఇంకను అచ్చటచ్చట మిగిలియుండును. ఇక్కడి బురదలో మేయుచు ఆ వన్నె వదలి బూడిదరంగు తొడుగును. చైత్రమున మరల ఎరుపెక్కి ఉత్తరమునకు లేచును. పెద్దవి ముందు వచ్చును. ఆ యేటి పిల్లలు కొన్ని వారములు వెనుక, దారి చూపువారు లేకయే, వేల మైళ్ళు దాటి ఇదే తీరమునకు చేరును.

ఈ పక్షులను గూర్చిన తొలి శాస్త్రగ్రంథములకును నెల్లూరునకును సంబంధమున్నది. 1840 దశకమున థామస్ జెర్డన్ అను వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉండెను. అడవిని, నీటిని ఎరిగిన యానాదులనుండి అతడు పక్షుల తెలుగు పేర్లను, అలవాట్లను తెలిసికొనెను. 1862-64 నడుమ వెలువడిన అతని ‘భారతదేశపు పక్షులు’ అను గ్రంథమున తెలుగు పేర్లు చేరియున్నవి. కలివికోడిని లోకమునకు చూపినవాడును ఇతడే. ఆంగ్లమున అది అతని పేరిటనే చెల్లుచున్నది. పేర్లు చెప్పిన యానాదుల పేర్లు మాత్రము ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. మన పాఠ్యపుస్తకములలో నేడు పెలికాన్, స్టార్క్ అని వ్రాయుచుండుట చూచిన, ఆ పేర్లు వ్రాసికొన్న పరదేశియే మనకంటె శ్రద్ధ గలవాడనిపించును.

గూడబాతుల నెలవులు చెదరుట కథ కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి సమీపమున ఆరేడు అను గ్రామమున తాటిచెట్లపై వీని మహానగర మొకటి యుండెను. 1946లో కె.కె. నీలకంఠన్ దానిని కనుగొనునాటికి సుమారు 3000 గూడబాతులు అక్కడ గూళ్ళు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ చెట్లపై ఒక్క గూడును లేదు. ఆ తరువాతనే తెలుగునేలపై నేలపట్టునకు ఇంత ప్రాధాన్యము వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన నాగులు, రమణారావు గారలు దక్షిణ భారతమందలి గూడబాతుల నెలవులను పరిశీలించి 1983లో తమ వ్యాసమును ప్రకటించిరి. సంరక్షణ ఫలితముగా ఈ జాతి కొంత కోలుకొన్నది. 2007లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ దీనిని అపాయమున నున్న జాతుల పట్టికనుండి తీసి, అపాయమునకు చేరువనున్న జాతుల వరుసలో ఉంచినది.

అయినను ఒక్క చెరువుపై ఇంత భారము మోపుట నిశ్చింతగా ఉండతగిన విషయము కాదు. ఈశాన్యపు వాన తప్పినచో చెట్ల క్రింద నీరు నిలువదు. పులికాటు ముఖద్వారములు ఇసుకమేట వేసినచో సముద్రపు చేప లోనికి రాదు. అప్పుడు చెరువు నిండియున్నను పిల్లకు ముద్ద లేదు. చెరువు, సరస్సు, వాన అను మూడును ఒక్క యేట కలిసిరావలెను.

కలిసివచ్చిన యేట, ఫాల్గుణ చైత్రములకు పిల్లలు కొమ్మల అంచున నిలిచి రెక్కలాడించుట మొదలుపెట్టును. గూటిని పట్టుకొని మూడునుండి అయిదు నెలలు గడపిన పిమ్మట ఒక్కొక్కటిగా పులికాటు వైపు సాగును. వైశాఖపు ఎండకు చెరువు అడుగు బీటలువారును. కడపచెట్ల క్రింద విరిగిన పుల్లలును, తెల్లని రెట్ట చారలును, రాలిన ఈకలును మిగులును. ఎక్కడెక్కడి చెరువులకో చెదరిపోయిన ఆ క్రొత్త గూడబాతుల ముక్కులపై నల్లచుక్కలు ఇంకను పడియుండవు.