చంటిపిల్లలకు చెవులు కుట్టిస్తున్నారా? ముహూర్తం కంటే ముందు చూడాల్సింది టీకాల కార్డు!

మేనమామ ఒడిలో పాప. ఎదురుగా కంసాలి. చుట్టూ అరడజను ఫోన్లు వీడియో తీస్తూ ఉంటాయి. సూది దిగగానే పాప కెవ్వుమంటుంది. 'అయిపోయింది బంగారం, అయిపోయింది' అంటూ అందరూ నవ్వేస్తారు. ఇలాంటి రీల్స్ ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. కింద కామెంట్లలో మాత్రం రెండు వర్గాలు. 'ఇంత పసిగుడ్డుకు ఇప్పుడే అవసరమా?' అని కొందరు, 'మా అందరికీ ఇలాగే కుట్టారు, ఏమైంది?' అని ఇంకొందరు. ఇంతకీ ఏ వయసులో కుట్టిస్తే మంచిది? అసలు ఇప్పుడే కుట్టించాలా? తెలుసుకుందాం.

ముందుగా ఓ విషాద ఘటన గురించి చెప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లా గుండ్లుపేట తాలూకాలో ఆరు నెలల బాబుకు చెవులు కుట్టించేందుకు తల్లిదండ్రులు ఆస్పత్రికి తీసుకెళ్లారు. నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక ఆ బాబు ప్రాణాలు పోయాయి. మత్తు మోతాదు ఎక్కువ కావడమే కారణమని తల్లిదండ్రులు ఆరోపించారు. క్షణంలో అయిపోయే చిన్న పని అనుకుని వెళ్లిన ఆ కుటుంబానికి కడుపుకోత మిగిలింది.

పసిపిల్లలకు నొప్పి తెలియదా?

'చిన్నప్పుడే కుట్టిస్తే నొప్పి తెలియదు' అన్న మాట మనం ఇంట్లో ఎన్నోసార్లు విని ఉంటాం. ఇందులో సగమే నిజం. చెవి తమ్మె మెత్తగా ఉంటుంది, అందులో మృదులాస్థి ఉండదు కాబట్టి సూది సులువుగా దిగుతుంది. అంతవరకు కరెక్టే. కానీ నొప్పి తెలియదన్నది మాత్రం తప్పు. ఒకప్పుడు డాక్టర్లు కూడా నవజాత శిశువులకు నొప్పి పెద్దగా తెలియదనే అనుకునేవారు. సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1987లో డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ మరో డాక్టర్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనా వ్యాసం తర్వాత ఆ అభిప్రాయం మారుతూ వచ్చింది. పుట్టిన పిల్లలకూ నొప్పి తెలుస్తుంది. పెద్దయ్యాక అది గుర్తుండదు, అంతే.

అలాగని మత్తు ఇప్పించాలా అంటే, వద్దు. చెవి తమ్మె కుట్టడానికి మత్తు ఇంజెక్షన్ అవసరం లేదు. తిమ్మిరి తెప్పించే క్రీములు ఉన్నాయి కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చి సొంతంగా రాసేయకూడదు. వాటిలో కొన్ని మరీ చిన్నపిల్లలకు ఎక్కువ మోతాదులో పడితే, రక్తం ఆక్సిజన్‌ను మోసుకెళ్లే శక్తి తగ్గిపోతుంది. డాక్టర్ చెబితేనే, చెప్పినంతే. దీనికన్నా సులువైన ఉపాయం అమ్మ దగ్గరే ఉంది. కుట్టే ముందు, కుట్టేటప్పుడు పాలు పట్టిస్తే నొప్పి తగ్గుతుంది. టీకాలు వేసేటప్పుడు కూడా డాక్టర్లు ఇదే సలహా ఇస్తారు.

11వ రోజా? ఆరో నెలా? ఏడాదికా?

మన దగ్గర ఒక్కో ఇంట్లో ఒక్కో ఆనవాయితీ. కొందరు 11వ రోజు, 21వ రోజు బారసాలతో పాటే కానిచ్చేస్తారు. కొందరు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతికో, వేములవాడకో వెళ్లినప్పుడు కుట్టిస్తారు. శాస్త్రం ఏం చెబుతోందని అడిగేవాళ్లకు ఓ ఆసక్తికరమైన విషయం. సుశ్రుత సంహిత చెవులు కుట్టడానికి చెప్పిన సమయం ఆరో నెల లేదా ఏడో నెల. చెవిలో వెలుతురు కనిపించే పల్చని చోట చూసి కుట్టాలని, తప్పు చోట నరానికి తగిలితే జ్వరం, వాపు వస్తాయని కూడా అందులో ఉంది. అంటే 11వ రోజు తొందర ఆ గ్రంథం చెప్పింది కాదు.

ఇప్పటి డాక్టర్ల లెక్క కూడా దాదాపు అక్కడికే వస్తుంది. కారణం టీకాలు. మన ప్రభుత్వ టీకాల షెడ్యూల్‌లో పెంటావాలెంట్ మూడు డోసులు ఉంటాయి. 6 వారాలకు ఒకటి, 10 వారాలకు ఒకటి, 14 వారాలకు ఒకటి. ధనుర్వాతం, హెపటైటిస్ బి నుంచి రక్షణ అందులోనే ఉంది. సూది శుభ్రంగా లేకపోతే గాయం ద్వారా రాగల ప్రమాదాల్లో ఇవి రెండూ ముఖ్యమైనవి. 21వ రోజున కుట్టించిన పాపకు అప్పటికి ధనుర్వాతం టీకా ఒక్క డోసు కూడా పడదు. మూడో డోసు పడేసరికి మూడు నెలలు దాటతాయి. ఆ తర్వాత ఒకట్రెండు వారాలు ఆగి కుట్టిస్తే సరిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే డాక్టర్లు దాన్ని ఎమర్జెన్సీగానే చూస్తారు. ఆ వయసులో ఇన్ఫెక్షన్ త్వరగా ఒంట్లోకి పాకే ప్రమాదం ఉంటుంది. చెవి దగ్గర మొదలైన చిన్న చీము వల్ల బిడ్డను ఆస్పత్రిలో చేర్చాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా వినే సలహా కాస్త వేరుగా ఉంటుంది. జాగ్రత్తగా కుట్టించి, తర్వాత శుభ్రంగా చూసుకుంటే ఏ వయసులోనైనా రిస్క్ తక్కువేనని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. అయితే తన చెవులను తానే చూసుకోగల వయసు వచ్చేదాకా ఆగితే మేలన్నది వాళ్ల సాధారణ సూచన. అక్కడ చాలామంది పిల్లల డాక్టర్లు క్లినిక్‌లోనే చెవులు కుడతారు కూడా.

మరి పదో తరగతి దాకా ఆగుదామా అంటే దానికీ ఓ మెలిక ఉంది. కుట్టిన చోట గడ్డలా పెరిగే కెలాయిడ్ గురించి 2005లో అమెరికాలో ఓ అధ్యయనం వచ్చింది. 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్నవారిలోనే ఈ సమస్య ఎక్కువగా కనిపించింది. ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్లు ఉంటే మరీ ఆలస్యం చేయకండి. కుట్టించే ముందు ఓసారి స్కిన్ డాక్టర్‌ను కలవండి.

కుట్టిస్తే తెలివి పెరుగుతుందా?

చెవులు కుట్టిస్తే తెలివి పెరుగుతుందని, కంటిచూపు బాగుంటుందని, ఉబ్బసం రాదని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. వీటికి సైన్స్ పరంగా రుజువు లేదు. ఇది ఆచారం, ముచ్చట. అందులో తప్పేం లేదు. కానీ ఆరోగ్యం కోసమని తొందరపడాల్సిన పని మాత్రం లేదు. 'పాప పెద్దయ్యి తనే అడిగితే అప్పుడు కుట్టిద్దాం' అనుకునే అమ్మానాన్నలు ఈమధ్య పెరుగుతున్నారు. అత్తగారు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి కానీ, బిడ్డకు దానివల్ల జరిగే నష్టం ఏమీ లేదు.

గన్నా? సూదా?

వయసు కంటే కూడా ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. షాపుల్లో వాడే పియర్సింగ్ గన్ చాలావరకు ప్లాస్టిక్‌ది. ఆస్పత్రి పరికరాల్లా ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు లేకుండా చేయడం కుదరదు. పైగా అది చర్మాన్ని సూదిలా చీల్చదు, మొద్దు పోగును బలంగా నెట్టేస్తుంది. అందుకే ఒక్కసారి వాడి పారేసే సూదితో, గ్లవ్స్ వేసుకున్న డాక్టర్ లేదా నర్స్ దగ్గర కుట్టించడం మేలు. ఇంటి కంసాలే కుట్టాలన్న పట్టింపు ఉంటే, సీల్ ఉన్న కొత్త సూది ప్యాకెట్ మీ ఎదుటే తెరవమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

పోగుల విషయంలో లోపం చేయొద్దు. నికెల్ కలిసిన చవక పోగుల వల్ల జీవితాంతం వదలని అలర్జీ రావచ్చు. బంగారం అయితే మంచిది. వేలాడే కమ్మలు వద్దు, పాప చేతికి దొరికితే లాగేస్తుంది, తమ్మె చీలిపోతుంది. వెనక మర గట్టిగా పట్టేది ఉండాలి, లేదంటే ఊడిన శీల నేరుగా నోట్లోకే వెళ్తుంది. అలాగని బిగించేయొద్దు. వాపు వచ్చినప్పుడు మర చర్మంలోకి కూరుకుపోతుంది.

కుట్టించాక దాదాపు ఆరు వారాలు అవే పోగులు ఉంచాలి. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి. రోజుకు రెండుసార్లు కాచి చల్లార్చిన ఉప్పు నీటితో మెల్లగా తుడిస్తే చాలు. పసుపు, కొబ్బరి నూనె, చీపురుపుల్ల.. అమ్మమ్మల కాలం నాటి ఈ చిట్కాలు పచ్చి గాయం మీద వద్దు. మొదటి రెండు రోజులు కాస్త ఎరుపు మామూలే. ఎరుపు చుట్టుపక్కలకు పాకుతున్నా, చీము కారుతున్నా, చెవి వేడిగా ఉబ్బినా, పాప పాలు మానేసినా, జ్వరం వచ్చినా ఆ రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి. పోగు మీరే బలవంతంగా పీకేయకండి, తీయాలో ఉంచాలో డాక్టర్ చూసి చెబుతారు.