తిరగలి తిరిగేదాకా

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న నన్ను వారం రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. "1975లో వచ్చిన పోర్షే 911 టర్బోకి 260 హార్స్‌పవర్. 2024 మేలో ప్రకటించిన 911 కరేరా జీటీఎస్ టీ-హైబ్రిడ్‌కి 541. యాభై ఏళ్లలో బలం రెట్టింపయింది, అంతేగా? ఇందులో కొత్త విజ్ఞానం ఏముంది?"

ఉంది. ఆ రెండు అంకెల్లో మాత్రం కనిపించదు. అది పాదం యాక్సిలరేటర్‌ను నొక్కిన క్షణానికీ, కారు కదిలిన క్షణానికీ మధ్య ఉంది. ఆ సందు మూయడానికే ఇంజినీర్లకు ఇన్నేళ్లు పట్టింది.

టర్బో సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. అసలు కథ ఇక్కడినుంచే.

పొగ ఎక్కువ రావాలంటే గాలి ఎక్కువ వెళ్లాలి. గాలి ఎక్కువ వెళ్లాలంటే చక్రం వేగంగా తిరగాలి. చక్రం తిరగాలంటే పొగ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఈ చిక్కుముడి విడే దాకా డ్రైవరు కాచుకునే కాలమే టర్బో లాగ్.

పాత 911 టర్బోలో ఈ నిరీక్షణ ఘోరంగా ఉండేది. మూడు లీటర్ల ఇంజిన్. టర్బో ఒత్తిడికి లోపలి మిశ్రమం ముందే పేలిపోకుండా కంప్రెషన్‌ను 6.5కి 1 దాకా దించేశారు. దాంతో టర్బో నిద్రలో ఉన్నంతసేపూ ఆ ఇంజిన్ మామూలు 911 కన్నా మందకొడిగా ఉండేది. గేర్లు నాలుగే. నిమిషానికి మూడున్నర, నాలుగు వేల చుట్లు దాటాక బలమంతా ఒక్క పెట్టున మీద పడేది. అదీ మలుపు మధ్యలో అయితే? డ్రైవరు బెదిరి కాలు తీసేస్తాడు. బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది. వెనక ఇరుసుకు అవతల వేలాడుతున్న ఇంజిన్ గడియారపు లోలకంలా కారును తిప్పేస్తుంది. ఆ కారుకు భర్తల్ని బలిగొనేది అన్న పేరు ఊరికే రాలేదు.

ఆ చక్రం అంత బద్ధకించడం దేనికి? ఇంట్లో తిరగలి తిప్పినవాళ్లకు తెలుసు. మొదటి రెండు చుట్లకే భుజాలు లాగేస్తాయి, ఆ తర్వాత రాయి దానంతటదే వస్తుంది. ఆ మొండితనాన్ని స్కూలు పుస్తకాల్లో జడత్వ భ్రామకం అంటారు. చక్రం కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లు, అంచు దూరం వర్గం నాలుగు రెట్లు, వెరసి మొండితనం 32 రెట్లు! వ్యాసార్ధం అయిదో ఘాతం. ఈ లెక్క చూడగానే అందరికీ ఒకటే ఆలోచన వస్తుంది: ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెడితే లాగ్ మాయమైపోతుంది కదా!

ఎన్నో కార్ల పత్రికలు ఏళ్ల తరబడి ఈ మాటే రాశాయి. అది సగమే నిజం. గాలిని ఎంత ఒత్తిడితో కూరగలదన్నది కంప్రెసర్ చక్రం అంచు వేగాన్ని బట్టి ఉంటుంది. చిన్న చక్రం అదే అంచు వేగం అందుకోవాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. కాబట్టి చక్రంలో నింపాల్సిన గతిజ శక్తి వ్యాసార్ధం మూడో ఘాతంతోనే పెరుగుతుంది, అయిదో ఘాతంతో కాదు. ఇప్పుడు లెక్క వేయండి. అంతే గాలిని రెండు చక్రాలు పంచుకోవాలంటే ఒక్కోదాని వ్యాసం పెద్దదాని వ్యాసంలో 0.7 వంతు ఉండాలి. 0.7 ఘనం సుమారు 0.35. అలాంటివి రెండు కాబట్టి 0.7. మిగిలేది 30 శాతం. మంచిదే, కానీ మాయమేమీ కాలేదు.

ఆ శక్తి ఎంతో ఊహించుకోవడానికి నేను కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. ఓ మోస్తరు పెద్ద టర్బో నిమిషానికి 1,20,000 చుట్లు అందుకోవాలంటే ఎనిమిది వేల జౌళ్ల దాకా కావాలి. 80 కిలోల మనిషిని మూడంతస్తుల పైకి చేర్చేంత పని! కాలు తీసేసి ఉన్న ఇంజిన్ వదిలే నీరసపు పొగ ఆ పని చప్పున చేయగలదా?

స్విస్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బూఖీ టర్బో అనే ఊహకు పేటెంటు పొందింది 1905లో. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజిన్‌కు టర్బో బిగించి, పైక్స్ పీక్ శిఖరం మీద, 14 వేల అడుగుల ఎత్తున పరీక్షించాడు. వాళ్లను లాగ్ పెద్దగా బాధించలేదు. ఓడైనా విమానమైనా గంటల తరబడి ఒకే జోరున సాగుతుంది. క్షణానికోసారి కాలు తీసి వేసేది కారు డ్రైవరే. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వాళ్లు కంప్రెషన్ దించకుండా నీరూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చల్లారు. ఎంత తెలివైన ఉపాయం! కానీ చాలామంది యజమానులు ఆ సీసా నింపడం మరిచిపోయారు. చివరికి ఎన్నో కార్లకు కంపెనీయే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది.

పోర్షే 2006లో మరో మెట్టెక్కింది. చక్రం చుట్టూ కదిలే రెక్కలు పెట్టి, పొగ తక్కువగా ఉన్నప్పుడు దారిని ఇరుకు చేసింది. గొట్టం మూతి బొటనవేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్మినట్టన్నమాట. డీజిల్ ఇంజిన్లలో అప్పటికే ఉన్నదే. పెట్రోలు పొగ వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది గనుక, దాన్ని తట్టుకునే లోహం దొరికేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక కొత్త కారు. దీనికి ముందున్న జీటీఎస్‌కు రెండు టర్బోలు, దీనికి ఒక్కటే! వెనక్కి వెళ్లారా అనిపిస్తుంది. కానీ ఈసారి రెండు చక్రాల నడుమ, ఆ ఇరుసు మీదే, ఒక విద్యుత్ మోటారు కూర్చుంది. పొగ కోసం చూడనక్కర్లేదు. పాదం కదిలీ కదలగానే మోటారు చక్రాన్ని తిప్పేస్తుంది. పది కిలోవాట్ల తోపు ఉంటే నా ఎనిమిది వేల జౌళ్లు 0.8 సెకనులో పూర్తి. పిచ్చీ పెళ్లీ ముడి తెగిపోయింది.

నేను ఇంకా మురిసిపోయేది దీని రెండో పనికి. పాత టర్బోల్లో పొగ మరీ ఎక్కువైతే చక్రం హద్దు మీరకుండా ఒక తలుపు తెరిచి ఆ పొగను బయటికి తోలేసేవారు. దాని పేరే వేస్ట్‌గేట్, వృథా ద్వారం. కొత్త కారుకు అది లేదు. హద్దు మీరుతుంటే మోటారే జనరేటరై చక్రాన్ని నిలువరిస్తూ, 11 కిలోవాట్ల దాకా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు 1.9 కిలోవాట్-అవర్ బ్యాటరీలోకో, గేర్‌బాక్స్‌లోని రెండో మోటారుకో పోతుంది. ఈ హంగులన్నిటితో, ముందటి జీటీఎస్ కన్నా పెరిగిన బరువు 50 కిలోలు. న్యూర్‌బుర్గ్‌రింగ్ చుట్టూ దానికన్నా 8.7 సెకన్లు ముందే వచ్చేసింది.

ఇదే ఉపాయం 2014 నుంచి ఫార్ములా వన్ కార్లలో ఉండేది. ఖర్చెక్కువ, చిక్కెక్కువ అంటూ 2026 నియమాల్లో తీసేశారు. ఎగిరిపోయే వేడిని పట్టి పనిలో పెట్టే ఇంత అందమైన యంత్రాన్ని పందేల నుంచి వెళ్లగొట్టడం నాకు మింగుడుపడలేదు.

పాఠకుడు చివర్లో ఇంకో మాట అడిగారు: ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్ ఉన్న తన చిన్న కారు స్పీడ్ బ్రేకర్ దాటాక గుటకలు మింగుతుందట, ఈ మోటారు దానికి పెట్టించుకోవచ్చా అని. ఇప్పట్లో కుదరదు. ఎర్రగా కాగే చక్రం పక్కన లక్ష చుట్లు తిరిగే మోటారు, 400 వోల్టుల బ్యాటరీ, వాటిని నడిపే ఎలక్ట్రానిక్స్, అన్నీ కలిస్తే ఆ కారు ధర ఎక్కడికో పోతుంది. అందాకా స్పీడ్ బ్రేకర్ దగ్గర మూడో గేరులో ఈడ్చకండి, రెండులోకి దించండి. ఇంజిన్ చుట్లు పెరుగుతాయి, పొగ పెరుగుతుంది, తిరగలి కాస్త ముందే కదులుతుంది.