స్టీరియో వాల్యూమ్ పెడల్ – వేదికపై హోరు

ఉప్పల్, నాచారం వేదికలపై స్టీరియో కీబోర్డు వాయించే విద్యార్థులను బాధించే చిక్కు ‘హమ్’ అనబడే ఎడతెగని హోరు. దీనికి మూలం మన విద్యుత్తులోనే ఉన్నది. అది సెకనుకు 50 ఆవృత్తులు గలది. కుడి, ఎడమ యాంప్లిఫయర్లు వేర్వేరు ప్లగ్గుల ద్వారా ఎర్త్‌కు కలిసి ఉండగా, పెడల్ వాటిని మరల లోపల కలుపుతుంది. ఆ వలయంలో ప్రవహించే స్వల్ప విద్యుత్తే హోరుగా వినబడుతుంది.

కనుక పెడల్ కొనునపుడు రెండు విషయాలు చూడవలెను. మొదటిది నిరోధం. కీబోర్డుకు సుమారు 25 కిలో ఓములు, సాధారణ ఎలక్ట్రిక్ గిటారుకు 250 కిలో ఓములు తగును. నిరోధం హెచ్చుగా ఉన్నచో పెడల్ తరువాతి తీగలోనికి బయటి రొద సులభంగా చొరబడుతుంది. రెండవది, రెండు మార్గాల ఎర్త్‌లు పెడల్ లోపల విడిగా ఉన్నవా అన్నది. లేనిచో ఒక మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అమర్చవలెను. యాంప్లిఫయర్లను ఒకే స్విచ్‌బోర్డు నుండి నడుపుట కూడ మేలు.

కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసివేస్తారు. దానితో హోరు తగ్గవచ్చును గాని రక్షణ పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు ఎర్త్ సరిగా లేని మైకును తాకి, విద్యుదాఘాతంతో వేదికపైనే కుప్పకూలి మరణించాడు. హోరును సహించవచ్చును, ఎర్త్‌ను మాత్రం ఎన్నడూ తొలగించరాదు.