పరీక్షకే ఒక పరీక్ష

మన పిల్లలకు తెలుగులో ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుతాము గాని, ఆ మార్కులు దేనిని కొలిచినవని అడగము. నాయనమ్మ చెప్పిన కథను పొల్లుపోకుండా తిరిగి చెప్పగల పిల్లవాడు, అక్షరాలు రానందువల్ల సున్న తెచ్చుకుంటాడు. పద్యానికి ప్రతిపదార్థం బట్టీపట్టిన అమ్మాయి తొంబది తెచ్చుకొని, మేనత్తకు నాలుగు పంక్తుల ఉత్తరం వ్రాయలేకపోవచ్చు. ఈ ఇద్దరిలో తెలుగు వచ్చినదెవరికి?

ఇటువంటి ప్రశ్నలకు జవాబు వెదకడమే భాషా పరీక్షల పరిశోధన. ఒకే వ్యాసాన్ని ఇద్దరు దిద్దితే ఒకే మార్కు పడుతుందా? ప్రశ్న భాషను కొలుస్తున్నదా, జ్ఞాపకశక్తినా? ఇవీ అందులోని విషయాలు. రాబర్ట్ లాడో అనే అమెరికా పండితుడు 1961లోనే దీనిపై గ్రంథం ప్రకటించాడు. 1984లో ఇందుకని ఒక ప్రత్యేక పత్రిక, 1992లో అంతర్జాతీయ సంఘం వెలసినవి. 2000లో ఆ సంఘం పరీక్షలు పెట్టేవారికి నీతి నియమావళి కూడా ఏర్పరచుకొన్నది.

అయితే పరిశోధనకు పైకం కావాలి గదా! విదేశాలలో చదువబోయేవారు వ్రాసే టోఫెల్ 1964లోను, ఐయెల్ట్స్ 1989లోను మొదలైనవి. వీటికి రుసుముల రాబడి ఉన్నది. కనుక వీటిని నడిపే సంస్థలు పరిశోధకులకు గ్రాంటులిచ్చినవి. మంచి సిద్ధాంత వ్యాసాలకు తమ పరీక్షల పేరిటనే బహుమానాలు పెట్టినవి. తప్పు పట్టవలసిన పని కాదు. కాని రుసుము ఉన్నచోటికే పరిశోధన నడిస్తే, రుసుము లేని భాషల గతి యేమి?

మన దేశంలో పునాది లేకపోలేదు. హైదరాబాదులో 1958లో నెలకొల్పిన ఆంగ్ల విద్యాసంస్థ నేడు విశ్వవిద్యాలయమై, పరీక్షల విషయంలోనూ బోధన, పరిశోధన సాగిస్తున్నది. మైసూరులో 1969లో స్థాపించిన భారతీయ భాషల కేంద్ర సంస్థ, కేంద్ర ప్రభుత్వ ధనంతో భారతీయ భాషల పరీక్షల కొరకు ఒక విభాగాన్ని నడిపినది. ఇటువంటి పనికి ఏడాది గ్రాంటు చాలదు. ఏళ్ల తరబడి ఆదరణ కావాలి.

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన మనకు ఇది దూరపు సంగతి కాదు. తమిళనాట 2006 చట్టంతో దశలవారీగా పదవ తరగతి వరకు తమిళం నిర్బంధమైనది. భాషా అల్పసంఖ్యాకుల మినహాయింపు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లినది. 2023లో ఒక ఏడాదికి గడువు పొడిగించారు. ఇంట తెలుగు మాట్లాడే బిడ్డకు ఏ తరగతిలో ఎంత తమిళం వస్తుంది, ఎంత తెలుగు నిలుస్తుంది అని నికరంగా కొలిచిన లెక్క చేతిలో ఉంటే, వాదించేవారికీ తీర్పు చెప్పేవారికీ దారి కనిపిస్తుంది. లెక్క లేనిచోట కంఠస్వరానిదే గెలుపు.

కనుక మాదొక మనవి. మన సంఘాలు వార్షికోత్సవ ఖర్చులో కొంత మిగిల్చి, ఈ విషయంపై పనిచేసే ఒక విద్యార్థికి ఏటేటా చిన్న వేతనం ఇవ్వాలి. వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం నాలుగింటికీ వేరువేరుగా మార్కులు వేయించి, ప్రతి జవాబునూ ఇద్దరిచేత దిద్దించి, ఫలితాన్ని పత్రికలో అచ్చువేయాలి. పాటకూ నాటకానికీ కప్పే శాలువలలో ఒకటి ఆ విద్యార్థికీ కప్పాలి. బిడ్డకు ఏది వచ్చునో, ఏది రాదో తెలిసిననాడే గదా, ఏది నేర్పాలో మనకు తెలిసేది!