బిడ్డ పుట్టాక ఆరు వారాలు: బాలింత దేహంలో, మనసులో ఏం జరుగుతుంది?

కాన్పు క్షేమంగా జరిగిందన్న కబురు అందగానే ఇంట్లో అందరి దృష్టీ పసిబిడ్డ మీదికి మళ్లుతుంది. బరువెంత ఉంది, పాలు తాగుతోందా, కామెర్లు ఏమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. తల్లి విషయానికి వస్తే ‘గండం గట్టెక్కింది’ అనుకుని ఊరుకుంటారు. కానీ వైద్యుల లెక్కలో గండం అప్పటికి పూర్తిగా గడవనట్టే. తొమ్మిది నెలల్లో వచ్చిన మార్పుల్లో చాలా వరకు సుమారు ఆరు వారాల్లోనే వెనక్కి మళ్లాలి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, అధిక రక్తపోటు, రక్తపు గడ్డలు, మానసిక కుంగుబాటు తలెత్తే అవకాశం ఉన్నదీ ఈ కాలంలోనే.

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కాన్పయిన రెండు రోజుల్లోగా ఆరోగ్య సిబ్బంది పరీక్షించిన తల్లులు మాత్రం 78 శాతమే. కాన్పు ఆసుపత్రికి చేరినంతగా, కాన్పు తర్వాతి సంరక్షణ తల్లికి చేరడం లేదన్నమాట.

గర్భసంచి వెనక్కి తగ్గే తీరు

కాన్పయిన వెంటనే గర్భసంచి బరువు దాదాపు ఒక కిలో ఉంటుంది. దాని పైఅంచు బొడ్డు దగ్గర చేతికి తగులుతుంది. అక్కడి నుంచి రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతూ, రెండు వారాలకల్లా కటి ఎముకల వెనక్కి చేరుతుంది. ఆరు వారాలకు దాని బరువు వంద గ్రాముల లోపుకు తగ్గిపోతుంది.

మాయ ఊడిపోయిన చోట గర్భసంచి లోపల ఒక పెద్ద గాయం మిగులుతుంది. తెరుచుకుని ఉన్న రక్తనాళాలను గర్భసంచి కండరాలు గట్టిగా ముడుచుకుని నొక్కిపట్టడం వల్లే రక్తం ఆగుతుంది. ఆ పట్టు సడలితే రక్తస్రావం ఉద్ధృతమవుతుంది. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు తల్లిలో విడుదలయ్యే ఆక్సిటోసిన్ ఈ ముడుచుకోవడానికి తోడ్పడుతుంది. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావడానికి కారణమిదే.

తొలి మూడు నాలుగు రోజులు ఎర్రగా ఉండే స్రావం, తర్వాత లేత గోధుమ రంగుకు, ఆపైన పసుపు, తెలుపు రంగులకు మారుతూ కొన్ని వారాల్లో ఆగిపోతుంది. దుర్వాసన వచ్చినా, తగ్గిన ఎరుపు మళ్లీ ఎక్కువైనా అది సహజమైన మార్పు కాదు.

రక్తం, రక్తపోటు, కుట్లు

కాన్పులో రక్తనష్టం తగ్గడానికి గర్భిణి రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావాన్ని సంతరించుకుంటుంది. ఆ స్వభావం కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. అందుకే కాళ్ల సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఈ కాలంలో ఎక్కువ. అరుదుగా మెదడు సిరల్లోనూ గడ్డలు ఏర్పడతాయి. తెల్లవార్లూ మంచానికే పరిమితం కాకుండా ఇంట్లో నెమ్మదిగా అటూ ఇటూ నడవమని వైద్యులు చెప్పేది ఇందుకే.

రక్తపోటు కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య పెరగడం మామూలే. తల్లి ఇంటికి చేరేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు బాగానే ఉన్నవారికి కూడా కాన్పు తర్వాత అది పెరిగి ఫిట్స్ రావచ్చు.

సిజేరియన్ అయినవారికి కోత మానే భారం అదనం. ఇదే సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అంటే తెలుగు ఇళ్లలో చాలామంది బాలింతలు పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకుంటూనే పసిబిడ్డను సాకుతున్నారు. బరువులు ఎత్తకపోవడం, కుట్లను శుభ్రంగా, పొడిగా ఉంచుకోవడం వారికి తప్పనిసరి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం జారడం ఏ కాన్పు తర్వాతైనా ఉండేదే. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామంతో చాలామందికి ఇది తగ్గుతుంది. సిగ్గుపడి దాచుకోవలసిన సమస్య కాదు.

పథ్యంలో ఉంచుకోవలసినవి, వదులుకోవలసినవి

పుట్టింట్లో విశ్రాంతి, ఇంటి పనుల నుంచి సెలవు, ఒళ్లు రుద్ది వేణ్నీళ్ల స్నానం చేయించే చేతులు, ఇవన్నీ మన ఆచారాల్లోని మేలైన భాగాలు. తల్లికి నిద్ర, తోడు దొరికేలా చేసే ప్రతి పద్ధతీ ఆమె కోలుకోవడానికి పనికొస్తుంది.

నీళ్ల మీద ఆంక్ష మాత్రం హానికరం. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని ఇప్పటికీ చాలా ఇళ్లలో బాలింతను దాహంతో ఉంచుతారు. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే. ఒంట్లో నీరు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట పెరుగుతాయి. అసలే త్వరగా గడ్డకట్టే రక్తం మరింత చిక్కబడుతుంది. దాహమైనప్పుడల్లా తాగడమే సరైన పద్ధతి.

తిండి విషయమూ అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం తొలి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ మామూలు కన్నా 600 కిలోకేలరీల శక్తి అదనంగా కావాలి. కారప్పొడి అన్నంతో, ఒంటిపూట భోజనంతో అది సమకూరదు. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, పాలు, పండ్లు మానాల్సిన అవసరం లేదు. దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే ప్రభుత్వ కార్యక్రమం కింద కాన్పు తర్వాత 180 రోజుల పాటు రోజుకొక ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. వాటిని మధ్యలో ఆపకూడదు. కిటికీలు మూసిన గదిలో సాంబ్రాణి పొగ, కుంపటి పెట్టడం తల్లీబిడ్డల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కారణం తెలియని కన్నీళ్లు

మాయతో పాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ను పెద్ద మొత్తంలో తయారుచేసే కర్మాగారం కూడా శరీరం నుంచి వెళ్లిపోతుంది. కొద్ది రోజుల్లోనే వాటి స్థాయి అమాంతం పడిపోతుంది. నిద్రలేమి, నొప్పి దానికి తోడవుతాయి. నాలుగో రోజో, ఐదో రోజో ఊరికే ఏడుపు రావడం, చిరాకు, దిగులు సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తాయి. ఇవి సాధారణంగా రెండు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో వెలువడిన సమీక్ష 38 భారతీయ అధ్యయనాలను, ఇరవై వేల మందికి పైగా తల్లుల వివరాలను పరిశీలించింది. దాని అంచనా ప్రకారం 22 శాతం మంది తల్లులు దీని బారిన పడుతున్నారు. ఆర్థిక ఇబ్బందులు, గృహహింస, భర్త అండ లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం ఈ ముప్పును పెంచే అంశాల్లో ఉన్నాయి. ఆడపిల్ల పుట్టుక తల్లికి ముప్పుగా మారుతోందంటే అందుకు కారణం ఆమె హార్మోన్లలో లేదు. చుట్టూ ఉన్నవారి చూపులో, మాటల్లో ఉంది.

దీన్ని గుర్తించడానికి రక్తపరీక్షలు అక్కర్లేదు. 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో గత ఏడు రోజుల మనోస్థితి గురించి పది ప్రశ్నలే ఉంటాయి. కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. అవసరమైతే పాలిస్తూ కూడా వాడదగిన మందులున్నాయి. వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా తొలి రెండు వారాల్లో, లేని మాటలు వినిపించడం, అర్థంలేని అనుమానాలు, తీవ్రమైన అయోమయం వస్తాయి. దాన్ని ‘గాలి సోకింది’ అనుకుని కాలయాపన చేయకూడదు. అది అత్యవసర చికిత్స అందవలసిన జబ్బు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా చికిత్స చేసే ప్రత్యేక విభాగం ఉంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినప్పుడు

గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, చలితో జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా ఆగకూడదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, కుట్ల దగ్గర చీము, తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన కూడా అంతే తీవ్రమైన సూచనలు. మానసిక సహాయానికి ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలని, ఆపైన రెండు మూడు రోజుల మధ్య, రెండో వారంలో, ఆరో వారంలో తల్లికి మళ్లీ పరీక్షలు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మన దేశంలో ఆసుపత్రి కాన్పుల తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె ముఖ్యంగా పసిబిడ్డ కోసం వచ్చినా, అదే గదిలో తల్లి కూడా ఉంటుంది. ‘నీళ్లు తాగుతున్నావా, స్రావం ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, మనసు ఎలా ఉంది?’ అని అడగడానికి ఐదు నిమిషాలు చాలు. భర్త, అత్త, అమ్మ ఎవరైనా అడగవచ్చు. జవాబు పూర్తిగా వినడమే ముఖ్యం.