వీల్‌చెయిర్ కుషన్‌లో గాలి బుడగలు ఎందుకు?

బల్ల మీద కూర్చుంటే మన బరువు చాలావరకు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ఎముకకూ బల్లకూ మధ్య కండ నలిగి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. తిమ్మిరి పుట్టగానే అటూ ఇటూ జరుగుతాం, రక్తం మళ్లీ పారుతుంది. వెన్నుపాము దెబ్బతిని వీల్‌చెయిర్‌లో కూర్చునే చాలామందికి ఆ తిమ్మిరే తెలియదు. కదలకుండా అలాగే ఉండిపోతే కొన్ని గంటల్లోనే లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి చిన్న మచ్చే కనిపించినా అడుగున లోతైన పుండు ఉండొచ్చు. అదే భయం.

మెత్తటి స్పాంజి వేస్తే సరిపోదా? పల్చటిదైతే అణిగిపోయి ఎముక అడుక్కు తగులుతుంది. అందుకే 1970లలో అమెరికా ఇంజనీరు రాబర్ట్ గ్రేబ్ రబ్బరు గాలి బుడగలను వరసలుగా పేర్చి, లోపల ఒకదానితో ఒకటి కలిపాడు. ఒక బుడగ నొక్కుకుంటే అందులోని గాలి పక్కవాటిలోకి పోతుంది. ఒత్తిడి ఒకేచోట నిలవకుండా అంతటా పరుచుకుంటుంది. ఎంత చక్కటి ఆలోచన!

అయితే గాలి ఎంతుండాలన్నదే అసలు కిటుకు. ఎక్కువైతే గట్టిపడుతుంది, తక్కువైతే ఎముక అడుక్కు దిగుతుంది. మనిషి కూర్చున్నాక కిందికి చెయ్యి పోనిచ్చి చూస్తారు. ఎముకకూ కుషన్ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎడం ఉండాలి. అలా సరిచేసుకున్నా మధ్యమధ్య ముందుకు వంగి, పక్కకు ఒరిగి బరువు మార్చుకుంటూ ఉండాల్సిందే. నడుమ బొక్క ఉన్న గుండ్రటి కుషన్ మాత్రం వాడకూడదు. దాని అంచు చుట్టూ నొక్కి, మధ్యలోకి రక్తం అందనివ్వదు.