సీసా నుండి గిన్నెకు: ఏడాది బిడ్డ ఆహారము

తెల్లవారక మునుపే రబ్బరుతోటకు పోవలసిన తల్లి, నిద్రించుచున్న బిడ్డను అత్తగారికో ఆయాకో అప్పగించి, ప్రక్కన పాలసీసా నుంచి వెడలుట మలయా తోటలలో తరతరముల వారు ఎఱిగిన సంగతి. తల్లి తిరిగి వచ్చువరకు బిడ్డ ఆకలికి ఆ సీసాయే దిక్కు. తోటలలో నేటికిని నుండు కుటుంబములలోను, తోటలను విడిచి పట్టణములు చేరిన కుటుంబములలోను ఈ యలవాటు పూర్తిగా పోలేదు. ఏడాది నిండి, తప్పటడుగులు వేయు బిడ్డ సయితము సీసా పట్టుకొని తిరుగుట పలు ఇండ్లలో కానవచ్చును. ఇది చిన్న విషయమని తోచును గాని, బిడ్డ రక్తమును, పండ్లను, ఎదుగుదలను ఇది పట్టియుండును.

ఈ మాట తోటల దేశమునకు క్రొత్త కాదు. సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు 1933వ సంవత్సరమున ఆఫ్రికాలోని గోల్డుకోస్టు, అనగా నేటి ఘనా దేశమున, పసిపిల్లలకు వచ్చు ఒక వ్యాధిని వర్ణించెను. కాళ్లు వాచి, వెండ్రుకలు రంగు మారి, చర్మము పగిలి బిడ్డలు మరణించుచుండిరి. ఆ దేశపు తల్లులు దానిని క్వాషియోర్కర్ అని పిలిచెడివారు. తరువాతి బిడ్డ పుట్టగా చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము. చనుబాలు మానిన ఆ బిడ్డకు మొక్కజొన్న జావ తప్ప వేరొండు ఆహారము లేకుండెను. బిడ్డ కడుపు నిండెను గాని దేహమునకు బలము చేకూరలేదు.

తరువాత ఆ వైద్యురాలు సింగపూరునకు వచ్చెను. అచ్చట తీపి గట్టిపాల డబ్బాలను పసిబిడ్డల ఆహారమని నమ్మించి అమ్ముట చూచి, 1939వ సంవత్సరమున ఒక సభలో ‘పాలు, హత్య’ అను పేర ప్రసంగించి, అట్టి ప్రచారమును తీవ్రముగా ఖండించెను. ఆ డబ్బాలోని పదార్థమున సుమారు సగము పంచదారయే. దానిని నీటిలో కలిపినప్పుడు బిడ్డకు దక్కునది తీపినీరే గాని పాలబలము కాదు. తీపి గట్టిపాలు, తీపి క్రీమరు నేటికిని అంగళ్లలో చవుకగా దొరకును. పెద్దలు తేనీటిలో వేసికొందురు గాక. అది బిడ్డకు పాలు కావు.

అట్లయిన ఏడాది బిడ్డకు ఏమి పెట్టవలెను? చనుబాలు త్రాగు బిడ్డకు వానిని రెండేండ్లు నిండువరకును, తల్లికి వీలున్నచో అటుపైనను ఇయ్యవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చనుబాలు లేని బిడ్డకు ఏడాది నిండిన తరువాత కాచిన ఆవుపాలు చాలును. పెద్దబిడ్డల కొఱకని ఎక్కువ వెలకు అమ్ము పాలపొడుల అవసరము లేదని ఆ సంస్థయే 2023వ సంవత్సరమున తెలిపెను. కూలిడబ్బులో ఆ భాగము గ్రుడ్లకు, చేపలకు ఖర్చగుట మేలు.

ఈ యీడున పాలు తోడు మాత్రమే, అన్నమే ముఖ్యము. దినమునకు మూడు నాలుగు మార్లు భోజనము, నడుమ ఒకటి రెండు మార్లు పండో, చిరుతిండియో పెట్టవలెను. ఒక్కొక్క పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పాతిక మొదలు నిండు వరకు ఆహారము చాలును. మెత్తగా వండిన అన్నములో పప్పు, దానికి తోడు గ్రుడ్డో, ముల్లు తీసిన చేపయో, సన్నగా నలిపిన కోడిమాంసమో, ఒక చెంచా నూనె, ఆకుకూర కలిపిన భోజనము నిండుగా నుండును. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, చిలగడదుంప, అరటిపండు పెరట నుండియో, దగ్గరి సంత నుండియో తేవచ్చును. మలాయివారు ఇకాన్ బిలిస్ అని పిలుచు ఎండు నెత్తళ్లు వాడినచో, వానిని పలుమార్లు కడిగి ఉప్పు పోగొట్టి, మెత్తగా పొడిచేసి కలుపవలెను. బిడ్డ అన్నమున ఉప్పు వేయకున్నను చాలును, పంచదార అక్కఱలేదు.

రక్తమునకు ఇనుము ముఖ్యము. పాలలో ఇనుము మిక్కిలి తక్కువ. దినమంతయు సీసాపాలు త్రాగు బిడ్డకు కడుపు నిండి అన్నముపై ఇచ్ఛ యుండదు. కొన్నాళ్లకు కనుఱెప్పల లోపలి యెఱుపు తగ్గి, బిడ్డ సోలిపోవుచుండును. కావున పాలు దినమునకు రెండు గిన్నెలు, అనగా సుమారు అర లీటరు దాటకుండుట మంచిది. పప్పన్నముతో జామపండో, నిమ్మరసమో ఇచ్చినచో పప్పులోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. తేనీరు దానికి అడ్డుపడును. సీసాలో తేనీరు పోసి బిడ్డ కిచ్చు అలవాటు వెంటనే మానవలెను. నిండు వేరుసెనగలు, గట్టి మిఠాయిలు, రంబుటాన్ గింజలు గొంతున అడ్డుపడి ప్రాణము తీయగలవు. పండును గింజ తీసి చిన్న ముక్కలు చేసియే పెట్టవలెను.

ఇక సీసా సంగతి. నిద్రలో నోట ఉమ్మి తక్కువగా ఊరును. సీసా నోట నుంచుకొని నిద్రించు బిడ్డ పండ్లపై పాలలోని తీపి రాత్రియంతయు నిలిచి, ముందుగా పైవరుస ముందుపండ్లను తినివేయును. తీపి గట్టిపాలయినచో ఆ చెఱుపు మఱింత. పాలపీకలో చిక్కుకొన్న మురికి విరేచనములకు కారణమగును. గిన్నెను కడుగుట సులభము; సీసాను కడుగుట కష్టము.

అయినను సీసాను ఒక్కనాడే లాగికొనుట బిడ్డకును ఇంటివారికిని బాధయే. ముందుగా మధ్యాహ్నపు సీసాను మాని, ఆ పూట చిన్న గిన్నెతో పాలు పట్టవలెను. బిడ్డ ఒలుకబోసినను కోపగింపరాదు. వారము గడచిన పిమ్మట ఉదయపు సీసాను, ఆపైన సాయంకాలపు సీసాను మానవలెను. రాత్రి సీసా చివర పోవును. అందు పాలకు బదులు కాచి చల్లార్చిన నీరు మాత్రమే పోసినచో బిడ్డకు దానిపై మోజు తగ్గును. పండుకొనుటకు ముందే గిన్నెతో పాలు పట్టి, పండ్లు తుడిచి, జోకొట్టి నిద్రపుచ్చవలెను. పదునెనిమిదవ నెల నిండునప్పటికి సీసా ఇంటిలో నుండరాదు.

పగలు బిడ్డను చూచునది ముసలమ్మ. ఆమె యొప్పుకొననిదే ఇది సాగదు.

“సీసా నోటనుండగా బిడ్డ యేడ్వదు గదా, కోడలా! దాని నేల మాన్పింతువు?” అని అత్తగారు అడుగును.

“సీసా త్రాగినచో వాడు మీరు కలిపిన ముద్ద ముట్టుట లేదు, అత్తా. మీ చేతి పప్పన్నము తిని పెరిగిన మీ కొడుకునకు పండ్లు గట్టిగా నున్నవి గదా?” అని కోడలు మెల్లగా చెప్పినచో, ముసలమ్మయే గిన్నె చేతపట్టును. ఇంటి పెద్దను ప్రక్కకు నెట్టక, ఆమె చేతికే ఈ పని నప్పగించుట ఉత్తమము.

ఏడాది నిండిన బిడ్డ మునుపటివలె తినుట లేదని పలువురు భయపడుదురు. మొదటి ఏట బిడ్డ ఆరేడు కిలోలు పెరుగును. రెండవ ఏట రెండు మూడు కిలోలే పెరుగును. కావున ఆకలి కొంత తగ్గుట సహజము. ముక్కు మూసి మ్రింగించుట, సీసా చూపి బుజ్జగించుట రెండును తప్పే. నేడు ఉమిసిన కూరను రేపు మరల కొంచెము పెట్టవలెను. ఎనిమిది పది మార్లు రుచి చూచిన పిమ్మట బిడ్డ దాని కలవాటు పడును. బరువు పెరుగక నిలిచినను, బిడ్డ పాలిపోయినను, పాదములు వాచినను ఇంటిమందులతో కాలము గడపక ప్రభుత్వ ఆరోగ్యశాలకు తీసికొనిపోవలెను.

మొక్కై వంగనిది మానై వంగదందురు. ఏడాది యీడున గిన్నెకును ముద్దకును అలవాటుపడిన బిడ్డ, పాఠశాలకు పోవునాటికి గట్టి పండ్లతో, ఎఱ్ఱని రక్తముతో, ఇంటివారి పంక్తిని కూర్చుండి తినును.